ఆగిపోయిన యంత్రం ఆఖరి మాట

కంప్యూటరు ఉద్యోగస్థులు లేని ఇల్లు మన సంఘంలో ఇప్పుడు అరుదు. రాత్రి భోజనానికి కూర్చున్న అమ్మాయికి ఫోను వస్తుంది. "సర్వరు పడిపోయింది" అంటూ కంచం ముందునుండి లేచిపోతుంది. "ఆపి మళ్ళీ వేస్తే చాలదటే?" అని తాతగారు అడుగుతారు. "చాలదు తాతయ్యా" అంటుందే గాని, ఎందుకు చాలదో చెప్పే తీరిక ఆమెకు ఉండదు. ఆ జవాబును మాకు చేతనైనంతలో ఇక్కడ చెప్పదలచాము.

కంప్యూటరులో అన్ని పనులమీదా పెత్తనం చేసే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. గింజలోని పలుకు అని ఆ మాటకు అర్థం. మెమరీలో ఎవరికి ఎంత చోటు, ఏ పని ముందు, ఏది వెనుక, బయటినుండి వచ్చిన సమాచారం ఎవరికి చేరాలి అన్నవన్నీ అదే నిర్ణయిస్తుంది. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే కెర్నెల్ దానిని ఆపివేసి తక్కినవాటిని కాపాడుతుంది. కెర్నెలే తప్పు చేస్తే అడిగేవారు పైన ఎవరూ లేరు. అందుకని దానిని వ్రాసేవారు అక్కడక్కడ కాపలా వాక్యాలు పెడతారు. "ఈ లెక్క ఇట్లా రావడానికి వీలులేదు, వస్తే ఉన్నచోటనే ఆగు" అని వాటి భావం. లెక్క చెడిన తరువాత కూడా నడిస్తే డిస్కుమీది ఖాతాలు సైతం పాడుకావచ్చును గదా! ఇట్లా ఆగడాన్ని పానిక్ అంటారు.

ఇందుకు జరిగిన ఉదాహరణే ఒకటి చెబుతాము. ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ నేడు ప్రపంచంలోని సర్వర్లలో పెక్కింటిని నడుపుతున్నది. దూరాననున్న అపరిచితుడెవరైనా కొన్ని సందేశాలను ఒక పద్ధతిలో పంపితే ఆ కెర్నెల్ ఆగిపోగలదని 2019 జూన్ 17న వెల్లడి అయినది. ఈ దోషాన్ని కనిపెట్టినవారు నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న జొనాథన్ లూనీ. దీనికి సాక్ పానిక్ అని పేరు వచ్చింది.

సాక్ అంటే ఏమిటో పోస్టుకార్డులతో చెప్పవచ్చు. మీరు బంధువుకు 10 కార్డులు వ్రాశారు. మూడవది దారిలో పోయింది. పాత పద్ధతిలో ఆయన "2 వరకు అందినవి" అని మాత్రమే జవాబు వ్రాయగలడు. "2 వరకు అందినవి; 4 నుండి 10 కూడా అందినవి" అని వ్రాస్తే మీరు మూడవది ఒక్కటే మళ్ళీ పంపుతారు. ఈ రెండవ పద్ధతే సాక్. 1996లో దీనికి నియమాలు ఏర్పడినవి. ఇంటర్నెట్టులో సమాచారం ముక్కలు ముక్కలుగానే పోతుంది గనుక ఇది ఎంతో ఉపకారి.

పంపే యంత్రం తన దగ్గర ఉంచుకున్న నకళ్ళను మూటలుగా కట్టుకుంటుంది. అందినట్లు కబురు వచ్చినప్పుడు పక్కపక్క మూటలను కలుపుతుంది. మూటలో ఎన్ని ముక్కలున్నవో వ్రాసుకునే గడి 16 బిట్లది. అందులో 65,535 వరకే పడుతుంది. ఒక మూటకు 17 అరలు, అరకు 32 కిలోబైట్లు; అంటే 17 × 32 × 1024 = 5,57,056 బైట్లు. మామూలుగా ముక్క 1,460 బైట్లు ఉంటే లెక్క నాలుగు వందలు కూడా దాటదు. కాని "నాకు అతి చిన్న ముక్కలే పంపు" అని అవతలివాడు మొదట్లోనే కోరవచ్చు. లినక్స్ ఒప్పుకునే కనిష్ఠం 48 బైట్లు. అందులో అదనపు వివరాలకు 40 పోతే అసలు సరుకు 8 బైట్లే. 5,57,056ను 8 చేత భాగిస్తే 69,632 వస్తుంది. ఇది గడిలో పట్టదు! పాత కరెంటు మీటరు 9999 దాటగానే 0000కు తిరిగినట్లు, గడి 4,096 చూపుతుంది. తరువాత మూటలో లెక్కప్రకారం ఉన్నవాటికంటే ఎక్కువ ముక్కలు తీయవలసివస్తుంది. కాపలా వాక్యం అది చూసి యంత్రాన్ని ఆపివేస్తుంది. 2009నాటి 2.6.29 కూర్పునుండి ఈ దోషం పదేళ్ళు మరుగున ఉన్నది.

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు వద్దాము. మళ్ళీ వేస్తే యంత్రం నడుస్తుంది. అవే సందేశాలు వస్తే మళ్ళీ ఆగుతుంది. పైగా ఆగేముందు అది ఏ ఫైలులో ఎన్నవ వరుసదగ్గర ఆగినదో, ఏ పని ఏ పనిని పిలువగా అక్కడికి వచ్చినదో వ్రాసిపెడుతుంది. దీనిని కాల్ ట్రేస్ అంటారు. అన్నిటికంటే పైనున్న పేరు ఆఖరిది. తొందరపడి మీట నొక్కితే ఈ మాట పోవచ్చు. నెట్‌వర్కు భాగమే చెడినప్పుడు ఆ మాటను నెట్‌వర్కు ద్వారా పంపవచ్చునని నమ్మలేము గనుక వేరే సీరియల్ తీగ పెట్టుకుంటారు. కెడంప్ అనే ఏర్పాటు ఇంకా మంచిది. ముందే ఒక మూల దాచి ఉంచిన రెండవ కెర్నెల్, మొదటిది పడగానే లేచి, దాని మెమరీని ఉన్నదున్నట్లు భద్రపరుస్తుంది. తెల్లవారిన తరువాత నిదానంగా పరీక్షించవచ్చు.

ట్రేసు చూసి కొత్తవారు ఆగిన వరుసనే నిందిస్తారు. అది దొంగను చూసి కేక వేసిన కాపలావాడిని పనిలోనుండి తీసివేయడం వంటిది. తప్పు అంతకుముందే, పొంగిన గడిలో జరిగింది. అందుచేత దిద్దినవారు కాపలా వాక్యం జోలికి పోక, మూటలు కలిపేముందు మొత్తం గడిలో పడుతుందా అని చూసుకునే ఏర్పాటు చేశారు, పట్టకపోతే కలపరు. దిద్దిన కెర్నెల్ వేసేలోగా సాక్‌ను ఆపి ఉంచడం, లేదా మరీ చిన్న ముక్కలు కోరేవారిని వాకిట్లోనే ఆపివేయడం తాత్కాలిక ఉపాయాలు. సాక్ ఆపితే ముక్కలు పోయే దారులలో వేగం తగ్గుతుంది. అయినా సర్వరు నిలబడుతుంది.

ఆ సర్వరు వెనుక ఆసుపత్రి చీట్లుండవచ్చు, రైలు టిక్కెట్లుండవచ్చు, ఒక ముసలమ్మ పింఛను ఉండవచ్చు. కనుక ఈసారి మీ ఇంటి అమ్మాయి కంచం ముందునుండి లేస్తే "మళ్ళీ వేశావటే?" అని కాక, "ఆఖరి మాట వ్రాసుకున్నావటే?" అని అడగండి. అన్నంమీద మూతపెట్టి ఉంచండి. ఆమె వచ్చేసరికి ఆలస్యమే అవుతుంది.