వడమాలపేట కయ్యలో పాన్సీ కాడలు

తిరుపతి, పుత్తూరు చుట్టుపక్కల పూలసాగు అంటే బంతి, చామంతి, మల్లె, కనకాంబరం. ఇవి కిలో లెక్కన పోతాయి, లేదా మూర లెక్కన పోతాయి. కాడతో కోసి, నీళ్ల బకెట్లో నిలబెట్టి అమ్మే పూల దారి వేరు. చలిదేశాల్లో కొన్ని చిన్న రైతు కుటుంబాలు ఆ దారిలో పాన్సీని కూడా పండిస్తున్నాయి. చలికాలం నర్సరీ కుండీల్లో, నడుమ నల్లమచ్చతో చిన్న ముఖంలా కనిపించే పువ్వే ఇది. అరెకరం ఉన్న వడమాలపేట కుటుంబానికి ఇది పనికొస్తుందా?

ముందు మొక్క స్వభావం చూడాలి. ఐరోపాలో అడవిగా పెరిగే చిన్న పూలజాతుల్ని 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లండు తోటమాలులు సంకరపరచగా వచ్చింది పాన్సీ. పగలు 20 డిగ్రీల లోపు, రాత్రి అంతకన్నా బాగా చల్లగా ఉంటే దానికి సుఖం. వేడెక్కేకొద్దీ పువ్వు చిన్నదై, మొక్క నీరసంగా సాగి, చివరికి పూయడం మానేస్తుంది. వడమాలపేటలో జనవరి మధ్యాహ్నం కూడా 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి ఇక్కడ దక్కేది డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి మొదటి రోజుల వరకే.

ఆ కాస్త గడువుకూ అడ్డం ఉంది. విత్తనం మొలవడానికి 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. మొలిచాక పువ్వు కనబడేందుకు దాదాపు మూడు నెలలు పడుతుంది. అంటే సెప్టెంబరు ఉక్కలోనే నారు పోయాలి. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాల వానలు. తడి నిలిచిన మడిలో నారుకుళ్లు పట్టిందంటే ఒక్క రాత్రిలో మొక్కలు వాలిపోతాయి. అందుకే ఇక్కడ విత్తనంతో మొదలుపెట్టడం కన్నా, దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె లాంటి చల్లని చోట పెరిగిన నారు తెచ్చుకుని, ఎత్తు మడుల్లో, పైన వాన కప్పుతో నాటడం మేలు.

అసలు కిటుకు కాడలో ఉంది. పాన్సీ పువ్వు ఆకు పంగలో ఒంటరిగా, సన్నటి తొడిమ మీద వస్తుంది. ఆ తొడిమను మాత్రమే తుంచితే చిన్న గ్లాసుకు సరిపోతుంది తప్ప పూలగుత్తికి అందదు. కాడ కోసం పెంచేవాళ్లు మొక్కల్ని జానెడు కన్నా దగ్గరగా నాటి, వెలుగు కోసం పోటీపడి పైకి సాగేలా చేస్తారు. వాలిపోకుండా అడ్డంగా వల కడతారు. మొదట వచ్చిన పూలను గిల్లేసి మొక్కకు బలం చేకూరుస్తారు. తర్వాత కొమ్మను మొదలుదాకా కోస్తారు. అప్పుడు ఒకే కాడ మీద విచ్చిన పువ్వు, విచ్చబోయే మొగ్గలు రెండూ ఉంటాయి. ఒకటి వాడేలోపు ఇంకొకటి తెరుచుకుంటుంది. ఎండ రాకముందే కోసి, వెంటనే నీడలో నీళ్లలో పెట్టాలి.

రేకులు మాత్రం మహా పలుచన. గంపలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే నలిగిపోతాయి. బంతిలాగా గోనెసంచికెత్తి కోయంబేడు మార్కెట్టుకు పంపే సరుకు కాదు. దండలో గుచ్చడానికి ఆగదు గనుక, తిరుమల మొదలు మన పక్కనున్న అప్పలాయగుంట దాకా, దండలు కోరే గుడుల బేరమూ దీనికి లేదు. మిగిలేది తిరుపతి బొకే దుకాణాలు, పెళ్లి అలంకరణలు చేసేవాళ్లు, కేకుల మీద రేకులు అద్దేవాళ్లు. పాన్సీ తినదగిన పువ్వే గానీ, పురుగుమందు కొట్టిన మడిలోది వంటింటికి ఇవ్వకూడదు. ఈ కొనేవాళ్లతో ముందు మాట్లాడుకోకుండా నారు తేవద్దని గట్టిగా చెబుతాను.

నా లెక్కలో ఇక్కడ పాన్సీ రెండు మడుల పంట. ఇంటివాళ్లే కోసి, అదే పూట చేర్చగలిగినంత. కాడపూల మీదే బతుకు పెట్టుకోవాలంటే మనకు తగినది లిల్లీ, అంటే నేలసంపంగి. మెక్సికో నుంచి వచ్చిన ఈ దుంపమొక్కకు మన ఎండ సరిపడుతుంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూస్తుంది. ఒంటిరేకుది విడిపూలుగా కిలో లెక్కన దండలకు పోతుంది, ముద్దరకం కాడగా బొకేలకు పోతుంది. ముద్దరకంలో అడుగున రెండు మూడు మొగ్గలు విచ్చుకోగానే కాడ కోసేయాలి. మిగతావి కొన్నవాళ్లింట్లో విచ్చుకుంటాయి.