సుల్తాన్ బజార్‌లో తలెత్తి చూడండి



ఇవాళ మీతో బజారు సంగతులు మాట్లాడుదామని వచ్చాను. ధరల సంగతి కాదు లెండి, అది మనం రోజూ అనుకునేదే. మనం ఏళ్ళ తరబడి తిరిగిన వీధిలో కొట్లు ఒకటొకటిగా మాయమై, వాటి స్థానంలో కొత్తవి వెలుస్తుంటాయి. "అయ్యో, అప్పుడే మారిపోయిందే!" అనుకుని సంచీ పట్టుకుని ముందుకు సాగిపోతాం. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని మాత్రం అడగం. ఈసారి నేను అడగవలసి వచ్చింది. అందుకు కారణం మా అమ్మ.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. "మనవరాలికి చీర నేను పెడతాను. అది సుల్తాన్ బజార్‌లో మన కొట్లోనే కొనాలి" అని అమ్మ పట్టుబట్టింది. మన కొట్టు అంటే మాదేం కాదండీ. అమ్మ 1971లో పెళ్ళయి హైదరాబాదుకు కాపురానికి వచ్చింది మొదలు బట్టలు కొన్న కొట్టు. నాన్నగారికి జీతం అందని రోజుల్లో కూడా ఆ సేటు పద్దుపుస్తకంలో రాసుకుని మాకు పండగబట్టలు ఇచ్చేవాడు. తర్వాత మేము కాచిగూడ నుంచి వనస్థలిపురం మారిపోయాం. ఆ పద్దులో నలభై రూపాయలు బాకీ ఉండిపోయాయి. ఇద్దాం, ఇద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఈలోగా అమ్మకు మోకాళ్ళనొప్పులు. అదీ అసలు కథ. చీర ఒక వంక, ఆ బాకీ తీర్చుకోవడం అమ్మ మనసులో మాట.

ముగ్గురం మెట్రోరైలులో వెళ్ళి సుల్తాన్ బజార్ స్టేషన్లో దిగాం. అమ్మ అటూ ఇటూ చూసి బిక్కమొహం వేసింది. నెత్తిమీద రైలువంతెన, ఇరుపక్కలా రంగురంగుల బోర్డులు. అరగంట తిరిగాం. కొట్టు దొరకలేదు. "ఇంక చాల్లే అమ్మమ్మా, ఫోనులో చూసి కొనుక్కుందాం" అంది మా అమ్మాయి. అప్పుడు అమ్మ ఆగి, తలెత్తి పైకి చూసింది. "అదిగోనే, ఆ చెక్క కటకటాల వరండా! దాని కిందే మన కొట్టు" అంది. కింద చూస్తే సెల్‌ఫోన్ల తొడుగులు అమ్మే కొట్టు ఉంది!

మనం బోర్డులు చూస్తూ తిరుగుతాం. బోర్డులు నాలుగేళ్ళకోసారి మారతాయి. బోర్డు పైన ఉన్న మేడ మాత్రం అంత తొందరగా మారదు. వీధి చరిత్ర కింద చెరిగిపోయినా పైన మిగిలి ఉంటుంది. ఆ రోజు నుంచి నేను కూడా తలెత్తి చూడటం మొదలుపెట్టాను. చూసినదీ, పెద్దలను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

అసలు సుల్తాన్ బజార్‌లో ఇన్ని కొట్లు ఎందుకు పోగుపడ్డాయి? దానికి మూలం పక్కనే ఉన్న కోఠీ. నిజాం కొలువులో ఉండే ఇంగ్లీషు దొరను రెసిడెంటు అనేవారు. 1803లో ఆ ఉద్యోగంలో ఉన్న కిర్క్‌పాట్రిక్ దొర పెద్ద పెద్ద స్తంభాలతో అక్కడ ఒక మేడ మొదలుపెట్టాడు. ఆ మేడనే జనం కోఠీ అన్నారు. దాని చుట్టుపక్కల పెరిగినవి రెసిడెన్సీ బజార్లు. నిజాం రాజ్యం మధ్యలోనే ఉన్నా అక్కడ చెల్లేది ఇంగ్లీషువారి అధికారం. షావుకార్లూ, వర్తకులూ ఆ నీడ చూసుకుని అక్కడ చేరారు. వర్తకులే కాదు, 1901లో తెలుగువారి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది కూడా ఆ బజార్లలోనే. 1933లో ఆ ప్రాంతాన్ని తిరిగి నిజాముకు అప్పగించారు. అప్పటినుంచి అది సుల్తాన్ బజార్ అయింది. అంటే చూడండి, నేల మంచిదనో, నీళ్ళు మంచివనో పుట్టిన బజారు కాదది. అధికారాల మధ్య గీసిన ఒక హద్దు దాన్ని పుట్టించింది. హద్దు పోయింది, బజారు నిలిచింది.

దొర మేడ ఏమైందంటారా? 1949లో అందులోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. మనమందరం కోఠీ విమెన్స్ కాలేజీ అనేది అదే. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. వేలమంది ఆడపిల్లలు రోజూ వచ్చిపోయే చోట కొట్లు ఊరుకుంటాయా? గాజులు, రిబ్బన్లు, దుస్తుల గుడ్డలు, పాత పాఠ్యపుస్తకాలు, అన్నీ ఆ చుట్టుపక్కల చేరాయి.

అక్కడినుంచి నడుచుకుంటూ పోతే ఆబిడ్స్. ఈ పేరు ఒక మనిషిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా సంతతివాడు పనిచేసేవాడు. నవాబుగారి దుస్తులూ, సొంత వస్తువులూ చూసుకోవడం ఆయన కొలువు. ఆయనే అక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆ దుకాణం ఎప్పుడో పోయింది. చౌరస్తాకు మాత్రం ఆయన పేరు నిలిచిపోయింది. ఇంకాస్త ముందుకు పోతే మొజంజాహీ మార్కెట్టు. నిజాం రెండో కొడుకు పేరున 1935లో రాతితో కట్టిన కట్టడం అది, పైన గడియారపు బురుజు. ఆ మార్కెట్టు దగ్గరే, దేశవిభజన తర్వాత సింధునుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల్లో ఒకటి 1953లో కరాచీ బేకరీ పెట్టింది. ఎక్కడో పోగొట్టుకున్న ఊరి పేరు ఇక్కడ బిస్కట్ల పెట్టెమీద బతికింది. శిథిలమవుతూ వచ్చిన మార్కెట్టును బాగుచేయించి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఆ రాళ్ళను ఇప్పుడు చూడండి, ముచ్చటేస్తుంది.

ఇక మేడల సంగతికి వద్దాం. పాత బజారు మేడలన్నీ దాదాపు ఒకటే తీరు. కింద కొట్టు, పైన కాపురం. గోడలు మూరెడు మందం, డంగుసున్నంతో కట్టినవి. పైన వీధివైపు చెక్క వరండా. సేటు మధ్యాహ్నం పైకి వెళ్ళి భోంచేసి వచ్చేవాడు. కొట్టు మూయాలంటే చెక్కపలకలు వరసగా గాడిలో దింపి తాళం వేసేవారు. లోపల బల్లలు, కుర్చీలు లేవు. తెల్లదుప్పటి పరిచిన గద్దె. అందరూ చెప్పులు విప్పి దానిమీద కూర్చోవలసిందే. "రాండమ్మా, కూర్చోండి" అని సేటు తాను తరవాత తాను విప్పుతుంటే మనం చూడటం. అణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చాయి. 1960ల మొదట్లో గజం పోయి మీటరు వచ్చింది. "అమ్మ కాపురానికి వచ్చేసరికి సేటు చేతిలో మీటరు బద్ద ఉండేది, నోట్లో మాత్రం గజమే ఉండేది" అని ఇప్పటికీ నవ్వుకుంటాం మేము.

మరి ఈ తీరు ఎందుకు పోయింది? ఒక కారణం అద్దెలు. 1960లో మన రాష్ట్రంలో అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. అద్దెకున్నవారిని ఊరికే వెళ్ళగొట్టరాదు, అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచరాదు. మంచి ఉద్దేశమే. కాని బజారులో ఏమయిందంటే, పాత అద్దె నామమాత్రంగా ఉంటే ఇంటివాడు మరమ్మతుకు చేతిలో రూపాయి తీయడు. అద్దెకున్నవాడు ఖాళీ చెయ్యడు. చెయ్యాలంటే వచ్చేవాడి దగ్గర పగిడీ పుచ్చుకుంటాడు. పగిడీ పోసి వచ్చినవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలి కదా, ఒక కొట్టును రెండు మూడు ముక్కలు చేస్తాడు. అందుకే పాత మేడల కింద అగ్గిపెట్టెల్లాంటి కొట్లు, పైన రావిమొక్కలు మొలిచిన గోడలు కనబడతాయి.

రెండో కారణం, పైన కాపురాలు ఖాళీ కావడం. ఊరు పెరిగింది. సేటు కొడుకులూ కోడళ్ళూ గాలీ వెలుతురూ ఉన్న చోటికి మారారు. పై అంతస్తు గోదాము అయింది. ఆ వరండాలో బట్టలు ఆరేసే ఆడవాళ్ళు లేరు. దాన్ని చూసుకునే కన్ను లేదు. ముందువైపు పెద్ద రేకు బోర్డు కొట్టేస్తే సగం వరండా దాని వెనక దాగిపోతుంది.

మూడో కారణం, దారి. వాహనాలు పెరిగినకొద్దీ కొట్ల ముందుభాగాలకు కోత పడింది. మెట్రోరైలు సుల్తాన్ బజార్ మీదుగా పోతుందన్నప్పుడు అక్కడి వర్తకులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. తాతలనాటి కొట్టు పోతే పరిహారం వస్తుంది గాని, గిరాకీ రాదు కదా అన్నది వాళ్ళ బాధ. చివరికి కొన్ని కట్టడాలు పోయాయి, దారి పడింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా రైలు ఆ దారిన నడవడం మొదలైంది. నెలన్నరకే కరోనా వచ్చి రైలూ ఆగింది, బజారూ మూతపడింది. ఆ దెబ్బకు తట్టుకోలేక చేతులెత్తేసిన చిన్న కొట్లు ఎన్నో!

నాలుగో కారణం చెబితే మీరు నొచ్చుకోకూడదు. ఆ కారణం మనమే. మనం దర్జీ దగ్గర కుట్టించుకోవడం తగ్గించి కుట్టిన బట్టలు కొనసాగాం, తానుల కొట్లు తగ్గాయి. చీరకు తగ్గ రంగు జాకెట్టుగుడ్డ, ఫాలు, లైనింగు అన్నీ ఒక్కచోటే కావాలన్నాం, మ్యాచింగ్ సెంటర్లు వెలిశాయి. చల్లగా ఉండాలి, అద్దాల వెనక బొమ్మకు కట్టి చూపించాలి అన్నాం, నాలుగంతస్తుల దుకాణాలు లేచాయి. ఇప్పుడు మంచంమీద కూర్చుని ఫోనులో వేలితో నొక్కుతున్నాం. గుమ్మం ముందు మనుషులు ఆగకపోతే కొట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి?

అయితే పాతదంతా బంగారమని నేననను. ఆ మాట అంటే మా అమ్మే ఒప్పుకోలేదు. "అప్పుడేం సుఖమే? నిన్ను చంకనేసుకుని మూడు గంటలు కూర్చునేదాన్ని. మంచినీళ్ళకు సేటును అడగాలి. మరుగుకు దారే లేదు. అమ్మేవాళ్ళంతా మగవాళ్ళే, లోపలి బట్టలు అడగాలంటే సిగ్గుతో చచ్చేవాళ్ళం" అంది. నిజమే కదా! ఇవాళ అమ్మే చోట ఆడపిల్లలున్నారు. వాళ్ళ జీతంతో ఇళ్ళు గడుస్తున్నాయి. ధర చీటీ మీద ఉంటుంది. మెట్రోలో మెట్లెక్కనక్కరలేకుండా మా అమ్మ లిఫ్టులో దిగింది. మార్పు మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చలేం. ఏది పోయింది, ఏది వచ్చింది అని పద్దు వేసుకుని చూసుకోవాలి. పోయిన పద్దులో నాకు కనబడేది ఒకటి. మనిషిని చూసి పుస్తకంలో రాసుకునే నమ్మకం. కొత్త దుకాణంలో కార్డును చూసి అప్పిస్తారు గాని, మొహం చూసి ఇవ్వరు.

ఇంతకీ మా కథ ఏమైందంటారా? తొడుగులమ్మే కుర్రవాణ్ణి అడిగాం. "ఆ సేటు పోయి చాలా ఏళ్ళయిందమ్మా. కొడుకులు ఊరి బయట పెద్ద షోరూం పెట్టారట" అన్నాడు. ఎక్కడో అతనికి తెలియదు. అమ్మ కాసేపు ఆ వరండా కిందే నిలబడి, "బాగుపడ్డారు, అంతే చాలు" అంది. చీర పక్కవీధిలో మరో పాతకొట్లో కొన్నాం. తిరిగి వస్తుంటే బడీచౌడీ దారిలో నేలమీద గుడ్డ పరుచుకుని జాకెట్టుముక్కలు అమ్ముకునే ఒకావిడ దగ్గర అమ్మ ఆగింది. రెండు ముక్కలు తీసుకుని, బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి, పైన ఇంకో నలభై చేతిలో పెట్టింది. "ఎందుకమ్మా?" అని ఆవిడ తెల్లబోయింది. "ఈ బజారుకు బాకీ ఉన్నానులే తల్లీ" అంది అమ్మ.

సోదరీమణులారా, ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆదివారమైతే ఆబిడ్స్‌లో మూసిన కొట్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు, అవి చూపించండి. ఒక్క నిమిషం ఆగి బోర్డుల పైకి చూడమనండి. కమాను ఉందా, చెక్క వరండా ఉందా, గోడమీద కట్టిన సంవత్సరం చెక్కి ఉందా అని వెతకమనండి. ఒక్కొక్క మేడ కింద ఇదివరకు ఏ కొట్టుండేదో మీ అత్తగారినో, అమ్మగారినో అడిగి ఒక పుస్తకంలో రాయించండి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే ఆ పని చెయ్యాలి. ఇంకొక్క మాట. ఏ పాతకొట్టు నిలవాలని మీకుందో అక్కడ ఏడాదికి ఒక్కసారైనా ఏదో ఒకటి కొనండి. తలుచుకుని బాధపడితే కొట్టు నిలవదు. మనం గుమ్మమెక్కితే నిలుస్తుంది.

సెలవు.