బొమముడి విప్పే విషం

1987. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారథర్స్ అనే కంటి డాక్టర్ దగ్గరికి ఒకావిడ వైద్యానికి వస్తుండేది. కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బు ఆవిడది. దానికి అప్పట్లో కొత్తగా వచ్చిన మందును కళ్ల చుట్టూ సూదితో ఎక్కించేవారు. ఒకరోజు ఆవిడ అలిగింది, ఈసారి కనుబొమల మధ్య సూది వేయలేదేమని. అక్కడ బిగుసుకోవడం లేదుగా అని డాక్టరమ్మ నచ్చచెప్పబోయింది. అక్కడ సూది పడ్డప్పుడల్లా తన ముఖం ఏ చింతా లేనట్టు తేటగా ఉంటోందని ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది.

జీన్ భర్త అలిస్టర్ చర్మవైద్యుడు. కనుబొమల మధ్య గీతలు పోగొట్టమని వచ్చేవాళ్లకు సరైన వైద్యం చూపలేక సతమతమవుతున్న మనిషి. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య చెప్పింది విని ఊరుకోలేకపోయాడు. మరునాడే తమ క్లినిక్ రిసెప్షనిస్టును ఒప్పించి ఆమె నొసట సూది వేశారు. ఆ తర్వాత ప్రయోగానికి మనుషులు దొరకడమే కష్టమైంది. ప్రపంచంలోకెల్లా తీవ్రమైన విషాన్ని ముఖంలోకి ఎక్కిస్తామంటే ఎవరు కూర్చుంటారు? చివరికి 18 మంది మీద చూసిన ఫలితాలను 1992లో ప్రచురించారు. ఇవాళ మన ఊళ్లలో స్కిన్ క్లినిక్ బోర్డుల మీద కనిపించే ‘బొటాక్స్’ సౌందర్య చికిత్సగా మారిన కథ ఇది.

ఈ మందు విప్పేదానికి తెలుగులో చక్కని మాట ఉంది: బొమముడి. కోపం వచ్చినా, ఎండ కొట్టినా, చత్వారం వచ్చి అక్షరాలు ఆనకపోయినా, లెక్క తెగకపోయినా కనుబొమలు దగ్గరకొచ్చి ముడిపడతాయి. కనుబొమలను లోపలికి లాగే కండరాలు అటొకటి, ఇటొకటి. ముక్కు మొదట్లో ఉండి చర్మాన్ని కిందికి గుంజేది మరొకటి. మొదటివి నిలువు గీతలు వేస్తాయి, రెండోది అడ్డగీత వేస్తుంది. నాట్యశాస్త్రం కనుబొమల కదలికల్ని ఏడు రకాలుగా లెక్కపెట్టి, ‘భ్రుకుటి’ని కోపానికి కేటాయించింది. కూచిపూడి కళాకారిణి ఈ సూది వేయించుకోవాలనుకుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే. రౌద్రం ఒలికించే చోటునే ఈ మందు మూగబోయేలా చేస్తుంది.

గీతలన్నీ ఒకటి కావు. ముఖం చిట్లించినప్పుడు మాత్రమే కనిపించి, వదలగానే మాయమయ్యేవి ఒక రకం. నిద్రలో కూడా చెరగనివి మొండివి. పట్టుచీరను ఏళ్ల తరబడి అదే మడతలో బీరువాలో ఉంచితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. విప్పినా మడత గుర్తు పోదు, ఆ గీత వెంట పట్టు బలహీనపడుతుంది. చర్మం లోపలి అల్లిక కూడా అలాగే తెగుతుంది. ఎండ, పొగతాగడం దాన్ని తొందరపెడతాయి. మందు కండరాన్ని ఆపగలదు గానీ తెగిన అల్లికను కుట్టలేదు. కాబట్టి మొదటి రకం గీతలు చాలావరకు పోతాయి, రెండో రకం పలచబడతాయి. ఒక్క సూదితో నుదురు అద్దంలా అయిపోతుందని ఎవరైనా మాటిస్తే అది వ్యాపారం మాట.

ఇంతకీ ఆ మందు ఏమిటి? నిల్వ ఉంచిన మాంసంలో పుట్టే విషం. 1820ల్లో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు, ఆయన కవి కూడా, సాసేజ్‌లు తిని పక్షవాతం వచ్చి చనిపోతున్నవాళ్ల లక్షణాలను ఓపికగా రాసిపెట్టాడు. ఆ విషాన్ని తన మీదే రుచి చూసుకున్నాడు. అదుపు తప్పిన నరాలకు ఏదో ఒకనాడు ఇదే మందు కావచ్చని కూడా ఊహించాడు. లాటిన్‌లో సాసేజ్‌ను ‘బొటులస్’ అంటారు, జబ్బుకు బొటులిజం అన్న పేరు అలా వచ్చింది. 1895లో బెల్జియంలోని ఎల్జెల్ అనే పల్లెలో చావు ఇంటికి వాయించడానికి వచ్చిన బాజాబృందం పంది మాంసం తిని జబ్బుపడింది, ముగ్గురు పోయారు. ఆ మాంసం నుంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ విషాన్ని పుట్టించే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. ఆ విషాన్ని మందుగా మలిచింది శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్. ఆయన ధ్యాసంతా మెల్లకన్ను మీద. కనుగుడ్డును పక్కకు లాగే కండరాన్ని కత్తి లేకుండా సడలించాలనుకున్నాడు. అమెరికాలో 1989లో ఆ జబ్బుకు, రెప్పలు బిగుసుకునే జబ్బుకు అనుమతి దొరికింది. కనుబొమల గీతలకు 2002 ఏప్రిల్‌లో వచ్చింది.

నరం కండరాన్ని కదిలించాలంటే చివర్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదలాలి. దాన్ని బయటికి పంపే యంత్రంలో ఒక ప్రోటీన్‌ను ఈ విషం కత్తిరించేస్తుంది. కబురు అందక కండరం ఊరుకుంటుంది. కొన్నాళ్లకు నరం కోలుకుని మళ్లీ కబురు పంపుతుంది. అందుకే ఫలితం మూడు నాలుగు నెలలకు మించి సాధారణంగా నిలవదు. మోతాదు విషయానికొస్తే, 100 యూనిట్ల బొటాక్స్ సీసాలో ఉండేది సుమారు 5 నానోగ్రాములు. ఒక గ్రామును 20 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి. విషాన్ని మందు చేసింది ఈ కొలతే.

కుర్చీలో జరిగేదంతా పది నిమిషాల పని. ముందు డాక్టర్ కోపంగా చూడమంటారు. ఏ కండరం ఎంత బలంగా ముడిపడుతోందో చూసి అయిదు చోట్ల గుర్తులు పెడతారు. బొటాక్స్ అయితే ఒక్కో చోట 4 యూనిట్లు, మొత్తం 20. మగవాళ్లకు కండరం దళసరి కాబట్టి కొంత ఎక్కువ పట్టవచ్చు. డిస్పోర్ట్ అనే మరో కంపెనీ మందుకైతే ఇదే చోటికి 50 యూనిట్లు. కంపెనీని బట్టి యూనిట్ మారుతుంది, తూకంలా అన్నిచోట్లా ఒకటి కాదు. మన దగ్గర చాలా క్లినిక్‌లు యూనిట్ లెక్కనే డబ్బు తీసుకుంటాయి గనుక, ఏ మందు యూనిట్ అని అడగకుండా ధరలు పోల్చడంలో అర్థం లేదు. రెండు మూడు రోజుల్లో తేడా మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మూడోనాడే అద్దం ముందు నిలబడి డాక్టర్‌ను తిట్టుకోనక్కర్లేదు.

చిన్న చిక్కులుంటాయి. సూది చోట కందడం, తలనొప్పి, అరుదుగా పైరెప్ప వాలడం. మందు కంటి వైపు జారితే రెప్పను లేపే కండరం కూడా నిద్రపోతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. ఎముక గట్టుకు సెంటీమీటరైనా పైన సూది వేయడం, ఆ రోజు అక్కడ మర్దన చేయవద్దనడం ఇందుకే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది. మయస్తీనియా గ్రేవిస్ వంటి నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లు ముందే చెప్పాలి.

అసలు ప్రమాదం మందులో కన్నా దాన్ని తెచ్చిన చోటులో ఉంటుంది. 2004లో ఫ్లోరిడాలో, మనుషులకు వాడకూడని, ప్రయోగశాలల కోసం తయారైన టాక్సిన్ ఎక్కించుకుని నలుగురు పక్షవాతంతో ఆసుపత్రి పాలయ్యారు. 2024లోనూ అమెరికాలో నకిలీ మందు, అర్హత లేని చేతులు కలిసి పలు రాష్ట్రాల్లో స్త్రీలను మంచాన పడేశాయి. కొందరికి బొటులిజం విరుగుడు ఇవ్వాల్సి వచ్చింది. చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపిస్తే క్లినిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మొండి గీతకు ఫిల్లర్ నింపుతామని కూడా కొందరంటారు. అది వేరే వస్తువు, కండరాన్ని ఆపదు, గుంతను పూడుస్తుంది. కనుబొమల మధ్య రక్తనాళాలకు కంటి నాళాలతో లంకె ఉంది. ఫిల్లర్ పొరపాటున నాళంలోకి పోతే చూపే పోవచ్చు. ముఖంలో ఫిల్లర్‌కు అతి ప్రమాదకరమైన చోట్లలో ఇదొకటి. అన్నట్టు, పార్లర్లలో జుట్టుకు చేసే ‘హెయిర్ బొటాక్స్’లో ఈ టాక్సిన్ ఉండదు, పేరు మాత్రమే అరువు.

వేయించుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. వేయించుకునేవారు మాత్రం చర్మవ్యాధి లేదా ప్లాస్టిక్ సర్జరీ నిపుణుల దగ్గరే వేయించుకోవాలి. సీసాను ఎదుటే తెరవమని, పేరు, బ్యాచ్ నంబరు రాసిమ్మని మొహమాటపడకుండా అడగాలి. ఒకసారి మొదలుపెట్టి మానేస్తే ముఖం అంతకుముందుకన్నా ముడతలు పడుతుందన్న భయం అక్కర్లేదు. మందు దిగిపోయాక కండరం తన పని తాను చేసుకుంటుంది, గీతలు మునుపటి చోటికి వస్తాయి.