గీత గీస్తే గుండె బరువు తగ్గుతుందా?



"నాకేం తక్కువండీ, అన్నీ వున్నాయి. కానీ ఏమిటో..." అని, ఆ "ఏమిటో" దగ్గర మాట ఆపేసే ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు! జ్వరమైతే థర్మామీటరు పెట్టి చూపించవచ్చు. చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది. ఈ "ఏమిటో"ని చూపించడానికి ఏమీ వుండదు. వేళకి వంట అవుతూనే వుంటుంది. పిల్లల క్యారియర్లు సర్దుతూనే వుంటాం. ఆరిన బట్టలు మడత పెడుతూనే వుంటాం. లోపల మాత్రం రాయి పెట్టినట్టు బరువు. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే, "ఖాళీగా కూర్చుంటే అలాగే వుంటుంది, ఏదన్నా పని పెట్టుకో" అంటారు. మనం ఖాళీగా కూర్చున్నది ఎప్పుడో కూడా వారే చెబితే బాగుండును!

ఇలాంటి బరువుకి ఒక చిన్న ఆసరా గురించి ఈవేళ మాట్లాడుకుందాం. ఆసరా అంటున్నాను గాని, మందు అనడం లేదు. ఆ తేడా ఏమిటో చివర్లో మనవి చేస్తాను. ఆ ఆసరా పేరు బొమ్మలు వేసుకోవడం.

"బొమ్మలా! నేను కాకిని గీస్తే కుండలా వస్తుంది" అని నవ్వేస్తున్నారు గదూ? రానివ్వండి. బొమ్మ బాగా రావడానికీ, మనసు కాస్త కుదుటపడడానికీ సంబంధం లేదు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అదే.

అయినా మనకి గీత రాదని ఎవరన్నారు? నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా, పాత నోటుబుక్కులో ముగ్గులు ఎక్కించుకున్న వాళ్ళమే గదా. 15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేదాకా. మెలికల ముగ్గులో ఒక్క చుక్క తప్పితే చివర్లో గీత కలవదు. అందుకని వంగున్న ఆ పావుగంటసేపూ కళ్ళూ, వేళ్ళూ, మనసూ మూడూ ఒక్కచోటే వుండేవి. పాలవాడి బాకీ, అత్తగారి కోపం, ఏవీ ఆ చుక్కల మధ్యకి వచ్చేవి కావు. ఇప్పుడు మన ఫ్లాట్లలో గడప ముందు నున్నటి టైల్సు. వాటి మీద స్టిక్కరు ముగ్గు అంటించేశాం. సౌకర్యమే, కాదనను. కాని రోజూ పొద్దున్నే మనకి తెలియకుండానే మనసుకి దొరికే ఆ పావుగంట కూడా ఆ స్టిక్కరు కిందకే పోయింది.

బొమ్మలు వేయడం రోగికి మేలు చేస్తుందని గట్టిగా చెప్పి, దానికొక పేరు పెట్టినవారు ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. 1938లో ఆయన క్షయ వ్యాధితో శానిటోరియంలో చేరారు. క్షయని లొంగదీసే మందు అప్పటికింకా రాలేదు. నెలల తరబడి మంచం మీద విశ్రాంతిగా పడివుండటమే వైద్యం. ఒళ్ళు కదలకూడదు సరే, మనసు వూరుకుంటుందా? ఆయన మంచం దగ్గర కనబడిన వస్తువులనే గీయడం మొదలుపెట్టారు. దాంతో తన దిగులు తేలికపడడం గమనించి, తోటి రోగులకీ నేర్పారు. 1942లో ఆయనే దీనికి "ఆర్ట్ థెరపీ" అని పేరు పెట్టారు. 1945లో పుస్తకం కూడా రాశారు. రోగి చేతిలో పెన్సిలు పెట్టడం తర్వాత తర్వాత ఒక శాస్త్రంగా పెరిగింది.

ఆ దొరగారి సంగతి అలా వుంచి, మన దేశంలోనే ఒక ఇల్లాలి కథ వినండి. బీహారులోని మిథిల ప్రాంతంలో పెళ్ళిళ్ళకి ఆడవాళ్ళు ఇంటి గోడల మీద బొమ్మలు వేసే ఆచారం వుంది. 1928లో ఆ ప్రాంతంలో పుట్టిన గంగాదేవి కూడా అలాగే తల్లుల దగ్గర చూసి గీత నేర్చుకున్నది. సంసారంలో సుఖపడలేదు. సంతానం నిలవలేదు. భర్త మరో పెళ్ళి చేసుకున్నాడు. తన ఇంట్లో తనకే చోటు లేని బతుకు. 1966–67లో బీహారులో పెద్ద కరువు వచ్చినప్పుడు, అక్కడి స్త్రీలకి నాలుగు డబ్బులు వచ్చేలా వారి గోడ బొమ్మలని కాగితం మీద వేయించాలని అఖిల భారత హస్తకళల బోర్డువారు పూనుకున్నారు. అలా గోడ మీది గీత కాగితం మీదకి వచ్చింది. గంగాదేవి చేతికీ కాగితం వచ్చింది.

సన్నటి గీతలతో ఆవిడ దేవుళ్ళనే గాక, ఆడదాని బతుకంతా, పుట్టుక మొదలుకొని, బొమ్మల వరుసగా వేసింది. 1984లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత క్యాన్సరు. చికిత్సకి ఢిల్లీలో ఆసుపత్రి పాలైనప్పుడు ఆవిడ ఏం చేసిందనుకున్నారు? తన జబ్బునే బొమ్మల వరుసగా వేసింది. ఆసుపత్రి, మంచం, డాక్టర్లు, అన్నిటినీ తన ఊరి పెళ్ళిగోడ మీద వేసే గీతలతోనే వేసింది. ఆ బొమ్మలు ఆవిడ క్యాన్సరుని తగ్గించలేదు. 1991లో ఆవిడ కన్నుమూసింది. కాని ఆ పెద్ద ఆసుపత్రిలో పరాయిదానిగా, భయంగా పడివుండే బదులు, చూసిన దాన్ని చూసినట్టు తన గీతలో పెట్టుకోగలిగింది. జబ్బు ఆవిడని పట్టుకున్నది నిజమే. ఆవిడ కూడా జబ్బుని కాగితం మీద పట్టుకున్నది.

మరి గీత గీస్తే లోపల ఏం జరుగుతుంది? దిగులుకి ఒక లక్షణం వుంది. గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతుంది. "నేనలా అనకుండా వుండాల్సింది, వాళ్ళలా చేయకుండా వుండాల్సింది" అంటూ రాత్రి రెండింటికి కూడా తిరుగుతూనే వుంటుంది. "ఆలోచించకు" అంటే ఆగదు. దానికి వేరే పని చూపించాలి. టీవీ చూపిస్తే సగం మనసు అటు, సగం ఇటు. గీసేటప్పుడు మాత్రం కన్ను చూడాలి, చెయ్యి కదలాలి, తర్వాత గీత ఎటు పోవాలో బుర్ర తేల్చాలి. ఎద్దుకి తిరగడానికి ఖాళీ వుండదు.

ఇది నా వూహ మాత్రమే కాదు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ అనే ఆవిడా, సహచరులూ 39 మంది చేత 45 నిమిషాల సేపు బంకమట్టితో, రంగు పెన్నులతో, కాగితం ముక్కలతో తోచినవి చేయించారు. ముందూ తర్వాతా వారి ఉమ్మి పరీక్ష చేసి, ఒత్తిడిలో వున్నప్పుడు ఎక్కువయ్యే కార్టిసాల్ అనే హార్మోను ఎంత వుందో చూశారు. నూటికి 75 మందిలో అది తగ్గింది. మనకి కావలసిన ముక్క ఏమిటంటే, ఇదివరకు బొమ్మలు వేసినవారికీ, ఎప్పుడూ పెన్సిలు పట్టనివారికీ తేడా కనబడలేదు. చిన్న పరిశోధనే, అందరిలోనూ తగ్గలేదు కూడా. అయినా "నాకు రాదు" అనే మన సాకు మాత్రం ఇక చెల్లదు.

ఇంకో ప్రశ్న వస్తుంది. బాధగా వున్నప్పుడు ఆ బాధనే గీయాలా, మరేదన్నా గీయాలా? జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్నే పరీక్షించారు. మనసుకి దిగులు కలిగించి, కొందరిని ఆ దిగులునే గీయమన్నారు, కొందరిని దానితో సంబంధం లేనిదేదో గీయమన్నారు. అప్పటికప్పుడు ఎక్కువ తేరుకున్నది రెండోవారే. కనుక కోపమో ఏడుపో పొంగుతున్న పూట, ఆ మనిషి మొహం గీయడానికి కూర్చోకండి. కిటికీలోని తులసి కుండీ గీయండి. గంగాదేవిలా కష్టాన్నే కథగా వేయడం, గీత చేతికి అలవాటు పడ్డాక, మనసు కాస్త నిమ్మళించాక చేయవలసిన పని.

మరొకటి. 2005లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఆందోళనగా వున్న విద్యార్థులకి కొందరికి గుండ్రటి మండలాలు, కొందరికి గళ్ళ డిజైన్లు రంగులు నింపడానికి ఇచ్చారు. కొందరికి వుత్త తెల్లకాగితం ఇచ్చి మీ ఇష్టమన్నారు. మండలాలూ, గళ్ళూ అందినవారి ఆందోళనే ఎక్కువ తగ్గింది. తెల్లకాగితం చూస్తే మనకీ బెదురేగదా! అందుకే చుక్కలతో మొదలుపెట్టమంటాను.

ఇక ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. కొత్తగా కొనవలసింది ఏమీ లేదు. పిల్లలు సగం వాడి పారేసిన నోటుబుక్కూ, పెట్టె అడుగున పడివున్న క్రేయాన్లూ, ఒక పెన్సిలూ చాలు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇరవై నిమిషాలు మీవని ఇంట్లో చెప్పండి. ఫోను వేరే గదిలో పెట్టండి. మొదటి వారం ముగ్గులూ, గళ్ళూ, చీర అంచులోని డిజైన్లూ వేయండి. రెండో వారం వంటింట్లోంచి ఒక్క వస్తువు తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. వంకాయ కావచ్చు, ఇత్తడి చెంబు కావచ్చు. కాగితం కన్నా దాన్నే ఎక్కువసేపు చూడండి. రోజూ తరిగే వంకాయకి తొడిమ దగ్గర ఎన్ని ముడతలున్నాయో అప్పుడు తెలుస్తుంది. రబ్బరు వాడకండి. తప్పు గీత పక్కన ఇంకో గీత వేయండి. మూల తేదీ వేసి పుస్తకం మూసేయండి.

ఎవరికీ చూపించకండి. ఇది చాలా ముఖ్యం. వాట్సాప్‌లో పెట్టారా, అయిపోయింది. "చాలా బాగుంది వదినా" అన్నా ప్రమాదమే, అనకపోయినా ప్రమాదమే. మనం చేసే ప్రతి పనికీ ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే వుంటారు. ఉప్పు ఎక్కువైందనీ, ఇస్త్రీ సరిగ్గా లేదనీ. మార్కులు లేని చోటు రోజుకి ఇరవై నిమిషాలైనా మనకి వుండొద్దూ?

మా పక్క వాటా పిన్నిగారి సంగతి చెబుతాను. మంచాన పడ్డ తల్లికి నాలుగేళ్ళు చాకిరీ చేశారు. ఆవిడ పోయాక, సాయంత్రం నాలుగింటికి హార్లిక్స్ కలపడానికి లేచి, గ్లాసు చేత పట్టుకుని అలా నిలబడిపోయేవారట. ఒకరోజు ఆ గ్లాసునే ఎదురుగా పెట్టుకుని గీశారు. వంకరగా వచ్చింది. మర్నాడు మళ్ళీ గీశారు. తర్వాత తల్లి కళ్ళజోడు, మందుల డబ్బా. "ఏడుపు రాలేదా పిన్నిగారూ?" అని అడిగాను. "రాకేం? కాని గ్లాసు అంచు కనబడాలిగా అమ్మాయ్, కళ్ళు తుడుచుకుని చూడాల్సి వచ్చేది" అన్నారు. నాలుగు గంటల వేళ అలా గడిచింది. అయితే రాత్రులు నిద్ర మాత్రం పట్టలేదు, అన్నం సయించలేదు. రెండు నెలలయ్యాక కూతురు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కొన్నాళ్ళు మాత్రలు వాడారు. మాత్రలు నిద్రనిచ్చాయి, పుస్తకం సాయంత్రాలనిచ్చింది. రెండిటికీ పోటీ లేదు.

ఆసరాకీ మందుకీ తేడా అన్నానే, అదిదే. దిగులు రెండు వారాలకి మించి రోజూ వదలకుండా వుంటే, నిద్రా ఆకలీ పోతే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే, బొమ్మలు వేస్తూ కూర్చోకండి, డాక్టరుని చూడండి. "నేను లేకపోతే బాగుండును" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ, డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. కాన్పు అయిన కొత్తలో పచ్చి బాలింతరాలు వూరికే ఏడుస్తూ వుంటే కూడా "అదే పోతుందిలే" అని వదిలేయవద్దు.

ఆర్ట్ థెరపీలో శిక్షణ పొందినవారి దగ్గర వేసే బొమ్మ వేరు. అక్కడ ఆ బొమ్మ నోటికి రాని మాటని బయటికి తెచ్చే దారి. మనం ఇంట్లో వేసుకునేది మన వూరట కోసం. కనుక పిల్ల నల్ల రంగు వేసింది గనక దాని మనసు బాగాలేదని జాతకాలు చెప్పకండి. నల్ల క్రేయానొక్కటే చేతికి దొరికిందేమో!

ఇంటి పనంతా చేసిన మరుక్షణం మాయమయ్యేదే. తోమిన గిన్నె మళ్ళీ అంటవుతుంది, వండినది మూకుడు ఖాళీ అవుతుంది. నోటుబుక్కులో వేసిన వంకర చెంబు మాత్రం, కింద తేదీతో సహా అలాగే వుంటుంది. ఆ రోజు ఆ ఇరవై నిమిషాలూ మీరు మీ కోసం వున్నారనడానికి అది సాక్ష్యం. రేపు పొద్దున్న స్టిక్కరు పక్కనే, ఒక మూల, నాలుగు చుక్కలు పెట్టి చూడండి. మిగిలిన గీత చేతికి దానంతటదే గుర్తొస్తుంది.



(రేడియో ప్రసంగం)