ముదిమిలో దంతరక్షణ: కెనడా దేశపు అనుభవము

కెనడా దేశములో ఒక వృద్ధునికి కాలు విరిగినను, కంటిలో శుక్లము ఏర్పడినను ఆసుపత్రికి పోయి చికిత్స పొందవచ్చును. వైద్యునకుగాని, ఆసుపత్రికిగాని అతడు రుసుము చెల్లింప నక్కరలేదు. అతనికే పన్ను నొప్పి వచ్చినచో సంగతి వేరుగా ఉండెడిది. దంతవైద్యుని వద్దకు పోవుటకు ముందు తన పింఛను ఎంతయో లెక్క చూచుకొనవలసి వచ్చెడిది. నోరు కూడ శరీరములో భాగమే గదా! మరి ప్రభుత్వవైద్యము పెదవుల యొద్దనే ఎందుకు ఆగిపోయినది? 2024లో ఆ లోపమును దిద్దుటకు జరిగిన ప్రయత్నము ఎట్టిది? వృద్ధుల సంఖ్య పెరుగుచున్న ప్రతి దేశమును ఆలోచింపదగిన ప్రశ్నలివి.

ముసలితనములో పంటికి ఏమగును?

పన్ను పైభాగమును కప్పియుండు పింగాణి వంటి పొర మన శరీరములో అన్నిటికంటె గట్టి పదార్థము. వయస్సు మీరిన కొలది అనేకులలో చిగుళ్ళు క్రిందికి జారి పంటి మూలము బయటపడును. మూలము మీద ఈ గట్టి పొర ఉండదు. అందుచేత నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరనుండి తయారుచేయు ఆమ్లము మూలమును తేలికగా కరగించును. పిప్పి అక్కడ వేగముగా వ్యాపించును.

ఈ ఆమ్లమునకు విరుగుడు లాలాజలము. అది ఆమ్లమును కడిగివేయును. కరగిన ఖనిజలవణములను కొంతవరకు పంటికి తిరిగి చేర్చును. కాని రక్తపు పోటునకు, మనోవ్యాకులతకు వాడు మందులలో అనేకము లాలాజలమును తగ్గించును. రోజునకు నాలుగైదు మందులు మ్రింగు వృద్ధుని నోరు ఎండిపోవుట సామాన్యము. కీళ్ళనొప్పులతో వ్రేళ్ళు వంగనివారు పళ్ళు చక్కగా తోముకొనలేరు.

ఫలితము నోటితో ముగియదు. మధుమేహము చిగుళ్ళ వ్యాధిని పెంచును; ముదిరిన చిగుళ్ళ వ్యాధి మధుమేహమును అదుపులోనికి రానీయదు. మంచము పట్టిన వృద్ధుని నోటిలోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగింపవచ్చును. నమలలేనివాడు కూరగాయలు, పప్పులు, మాంసము మాని మెత్తని గంజితో సరిపెట్టుకొనును, క్రమముగా క్షీణించును. కనుక ముసలితనములో పన్ను అందమునకు సంబంధించిన విషయము కాదు, ఆహారమునకు సంబంధించినది.

నోటికిని శరీరమునకును నడుమ గోడ

ఈ గోడ చాల పాతది. 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరములో దంతవైద్యమునకు ప్రత్యేక కళాశాల ఏర్పడినది. నాటినుండి దంతవైద్యులు వేరు చదువుతో, వేరు వృత్తిగా ఎదిగిరి. ప్రభుత్వములు ఆరోగ్యబీమా చట్టములు చేయునప్పుడు ఈ విభజనయే వానిలోనికి ప్రవేశించినది. 1966 నాటి కెనడా చట్టము వైద్యుల సేవలకు బీమా కల్పించినది. 1984 నాటి చట్టము దంతవైద్యములో ఆసుపత్రియందే చేయవలసిన శస్త్రచికిత్సలను మాత్రము చేర్చుకొన్నది. పిప్పిపన్ను పూడ్చుట, గార తీయుట, కట్టుడుపళ్ళు అమర్చుట బయటనే ఉండిపోయినవి.

ఆ ఖాళీని చాలవరకు యజమానులు ఇచ్చు బీమా నింపినది. ఉద్యోగము ఉన్నంతకాలము దంతబీమా ఉండును. విరమణతో అనేకులకు అదియు పోవును. పన్నుకు సేవ ఎక్కువగా కావలసిన వయస్సులోనే రక్షణ తొలగిపోవుట ఇందలి విపరీతము. 2007-2009 నాటి జాతీయ పరిశీలనలో 60 నుండి 79 ఏండ్ల వయస్సు వారిలో సగమునకు పైగా ఏ దంతబీమాయు లేనివారే.

అట్లయిన వృద్ధుడు స్వయముగా బీమా కొనరాదా? ఇచట బీమా స్వభావమును గమనింపవలెను. వేయి ఇండ్లవారు తలా కొంత వేసుకొనినచో కాలిపోయిన ఒక్క యింటిని తిరిగి కట్టవచ్చును. ఏ యిల్లు కాలునో ముందుగా తెలియకపోవుటయే ఆ ఏర్పాటునకు బలము. పంటి సంగతి అట్లు కాదు. తన పళ్ళు చెడియున్నవని వృద్ధునికి ముందే తెలియును. చెడినవారే ఎక్కువగా బీమా కొందురు. అందుచేత రుసుము పెరుగును. మంచి పళ్ళున్నవారు తప్పుకొందురు. రుసుము మరల పెరుగును. ఈ చిక్కు విడుటకు మార్గము అందరి పన్నులనుండి ఖర్చు భరించు ప్రభుత్వబీమా.

2024 నాటి పథకము

ఇట్టి పథకమునకు ఎదురగు మొదటి కష్టమును బ్రిటను మున్నే చవిచూచినది. 1948 జూలై 5న అచట జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమై దంతవైద్యము ఉచితమైనది. ఏండ్ల తరబడి ఓర్చుకొన్న జనము ఒక్కసారిగా కట్టుడుపళ్ళ కొరకు వచ్చిరి. ఖర్చు అంచనాలను మించిపోయినది. 1951లో కట్టుడుపళ్ళకు రుసుము విధించుటకు ప్రభుత్వము నిశ్చయింపగా, ఆ సేవను నెలకొల్పిన అనైరిన్ బెవన్ మంత్రిపదవికి రాజీనామా చేసెను. మరుసటి యేడు దంతచికిత్సకును రుసుము వచ్చినది.

కెనడా అంచెలంచెలుగా సాగినది. 2023 డిసెంబరులో 87 ఏండ్లు నిండినవారినుండి దరఖాస్తులు తీసికొనుట మొదలైనది. తరువాతి నెలలలో వయఃపరిమితి దిగుచు 2024 మే నాటికి 65 ఏండ్లకు చేరినది. చికిత్స 2024 మే 1న ఆరంభమైనది. 2025లో తక్కిన వయోజనులకును అవకాశము కల్పించిరి.

వేరే దంతబీమా పొందు వీలు లేకుండుట, కెనడాలో నివసించుచు ఆదాయపు పన్ను పత్రము దాఖలుచేసి యుండుట, కుటుంబపు వార్షికాదాయము 90,000 డాలర్లకు లోబడి యుండుట ముఖ్య నిబంధనలు. ఆదాయము 70,000 డాలర్ల లోపు ఉన్నవారు పథకము నిర్ణయించిన రుసుములో వాటా చెల్లింప నక్కరలేదు. 70,000 నుండి 80,000 వరకు గలవారు నూటికి 40 వంతులు, ఆపైన 90,000 లోపు గలవారు 60 వంతులు భరింతురు. అచట స్థిరపడిన తెలుగు కుటుంబముల పెద్దలకును ఈ నిబంధనలే. బిడ్డలను చూచిపోవుటకు వచ్చిన తలిదండ్రులకు ఇది వర్తింపదు.

బీమా వేరు, చికిత్స వేరు

కార్డు చేతికి వచ్చినంతమాత్రమున పన్ను బాగుపడదు. పథకము నిర్ణయించిన రుసుముకంటె దంతవైద్యుని రుసుము ఎక్కువైనచో ఆ తేడా రోగి మీదనే పడవచ్చును. కనుక చికిత్సకు ముందే ధర అడిగి తెలిసికొనుట మంచిది. తొడుగులు, కొన్ని రకముల కట్టుడుపళ్ళు ముందుగా అనుమతి పొందినగాని దొరకవు. దవడ ఎముకలో నాటు కృత్రిమదంతములకు బీమా లేనేలేదు. అర్హతను ఏటేట పునరుద్ధరించుకొనవలెను. పన్ను పత్రము వ్రాయలేని ఒంటరి వృద్ధునికి అదియే పెద్ద అడ్డంకి.

దూరము మరియొక అడ్డంకి. నగరములకు దూరముగా ఉన్న పల్లెలలో దంతవైద్యులు అరుదు. మంచము దిగలేని వారికి వైద్యశాలయే దూరదేశము. ఈ కారణమున కట్టుడుపళ్ళు తయారుచేయు నిపుణులను, పళ్ళు శుభ్రముచేయు నిపుణులను కూడ పథకములో చేర్చుట మెచ్చదగినది. వృద్ధాశ్రమములలో పరిచారకులు ప్రతిదినము రోగుల పళ్ళు తోమినచో ఏ బీమాయు ఇవ్వలేని రక్షణ కలుగును.

మన దేశములో 2024లో 70 ఏండ్లు నిండిన వారందరికిని ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఏటికి 5 లక్షల రూపాయల వరకు వైద్యరక్షణ ఏర్పడినది. అయితే అది ప్రధానముగా ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకు ఉద్దేశించినది. పంటిపని చాలవరకు కుర్చీలో కూర్చుండగా గంటసేపట ముగియునది. మంచమును లెక్కించి కుర్చీని విడిచిన బీమాలో పన్ను బయటనే నిలుచును. కెనడాకు ఈ సంగతి గ్రహించి సరిదిద్దుకొనుటకు సుమారు అరువది యేండ్లు పట్టినది. తాత తినలేక ప్రక్కకు నెట్టిన కంచమును గమనించిన ఏ యింటివారికైనను దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.