బండి ఎందుకు వణికింది?

పిల్లలూ, గురజాల చేలనుంచి మిరపకాయల టిక్కీలు ఎక్కించుకుని పికప్ బండి బయలుదేరిందనుకోండి. పిడుగురాళ్ల దగ్గర అద్దంకి-నార్కెట్‌పల్లి రహదారి ఎక్కి, గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే స్టీరింగు గడగడ వణికింది! 40లో లేని వణుకు 80లో ఎలా వచ్చింది?

దారానికి రబ్బరు ముక్క కట్టి గిరగిర తిప్పండి. అది మీ వేలిని లాగుతుంది. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. చక్రానికి ఒక పక్క బరువు ఎక్కువైనా ఇంతే. 80 వేగంలో చక్రం సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది. అప్పుడు దాని అంచున 30 గ్రాములు ఎక్కువుంటే, రెండున్నర కిలోల బరువంత బలంతో గుంజుతుంది!

మరి ఏం చెయ్యాలి? ముందు బండి ఆపి, చక్రాల నట్లు వదులయినాయా, టైరు ఉబ్బిందా అని చూడాలి. ఇది ప్రాణాలతో పని కనక ఆలస్యం పనికిరాదు. తరవాత చక్రం లోపలివైపు చూడాలి. తడిచేలో అంటుకున్న నల్లరేగడి అక్కడే ఎండి ఉంటే, కడిగితే చాలు.

అయినా వణుకు పోలేదా? స్టీరింగు వణికితే ముందు చక్రాలనూ, సీటు వణికితే వెనక చక్రాలనూ అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడే వణికితే లోపం బ్రేకులదే కావచ్చు. చక్రాన్ని బాలెన్సింగు యంత్రానికి తగిలించి తిప్పితే, ఏ పక్క ఎంత తేలికో అది చూపుతుంది. అక్కడ చిన్న బరువు బిళ్ల బిగిస్తారు.

ఆగి ఉన్న బండి చక్రాల అంచున అలాంటి బిళ్లలున్నాయేమో, ఈసారి మీ నాన్నగారితో కలిసి వెతికి చూడండి!