రంపపు బ్లేడు: సాన పట్టించడమా, కొత్తది కొనడమా?

మచిలీపట్నం: దుంగ ధర ఎంత, కూలి ఎంత, కరెంటు ఖర్చు ఎంత అన్నది కలప వ్యాపారికి నోటిలెక్క. బ్యాండ్ సా బ్లేడు ఘనపుటడుగుకు ఎంత పడుతున్నదని అడిగితే మాత్రం తడుముకోవలసి వస్తుంది. మచిలీపట్నం, గుడివాడ కలప అడితులకే కాక, దివిసీమలో హంసలదీవి దాకా ద్వారబంధాలు, మంచాలు, పడవల మరమ్మతు చేసే చిన్న వర్క్‌షాపులకు కూడా ఈ లెక్క లాభనష్టాలను తేల్చేదే.

డెల్టాలో కోతకు వచ్చే సరుకు ఒక రకం కాదు. తుమ్మ గట్టిది. మామిడి, నిద్రగన్నేరు మెత్తనివి. టేకు కోతకు అనువైనదే అయినా, అందులోని సిలికా పళ్లను త్వరగా అరగదీస్తుంది. తీరంలో ఇసుక మీద ఈడ్చిన సరుగుడు దుంగల బెరడులో ఇసుక చేరుతుంది. పెరట్లో కొట్టిన చెట్లలో మేకులు, తీగముక్కలు దాగివుంటాయి. మేకు తగిలితే కొత్త బ్లేడైనా ఆ పూటతో సరి. అందుచేత బ్లేడు ఎన్నాళ్లు వచ్చిందన్నది కాదు, ఏ కలపను ఎన్ని ఘనపుటడుగులు కోసిందన్నదే సరైన కొలత.

మూడు రకాల లోపం

"బ్లేడు పోయింది" అనే మాటకు మూడు అర్థాలున్నాయి. పళ్ల మొనలు మొద్దుబారడం మొదటిది. దీనికి సాన చాలు.

రెండవది సెట్టింగు పోవడం. పళ్లను ఒకదానిని కుడికి, ఒకదానిని ఎడమకు స్వల్పంగా వంచి వుంచుతారు. అందువల్లనే కోత బ్లేడు మందం కంటె వెడల్పుగా పడి, బ్లేడు కలపకు ఒరుసుకోకుండా నడుస్తుంది. సెట్టింగు తగ్గితే బ్లేడు వేడెక్కుతుంది. ఒక పక్కన మాత్రమే తగ్గితే కోత రెండో పక్కకు లాగుతుంది. అప్పుడు సానతో పాటు సెట్టింగు కూడా మళ్లీ వేయించాలి.

మూడవది ఉక్కు అలిసిపోవడం. చక్రాల మీద తిరిగినంతసేపూ బ్లేడు వంగుతూ, తిరిగి సాగుతూ వుంటుంది. కాలక్రమాన పళ్ల మధ్య గుంటలలో సన్నని పగుళ్లు పుడతాయి. అవి పలుచోట్ల కనిపించిన తరువాత సాన పట్టించడం దండుగ. నడుస్తూ తెగితే మనిషికే ప్రమాదం. ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు మచ్చల దగ్గర కూడా ఇటువంటి పగుళ్లు మొదలవుతాయి. పని ముగిశాక బిగింపు సడలించి, నూనెగుడ్డతో తుడవడం పెద్ద ఖర్చులేని జాగ్రత్త.

ఖాతాలో తేడా

లెక్క కోసం మిల్లులో వాడే వెడల్పాటి బ్లేడు ధర 100 రూపాయలనీ, సాన, సెట్టింగు కలిసి 10 రూపాయలనీ అనుకుందాం. ఐదుసార్లు సాన పట్టిస్తే మొత్తం ఖర్చు 150. వచ్చేది ఆరు విడతల కోత. విడతకు 25 పడుతుంది. మొదటి విడతకే పారేస్తే 100. ప్రతి సానకూ పన్ను కొంత అరిగి చివరి విడతలు తగ్గినా, మొగ్గు సానవైపే.

వంపులు కోసే సన్న బ్లేడు సంగతి వేరు. దాని ధర తక్కువ, పళ్లు చిన్నవి. మొనలను ప్రత్యేకంగా గట్టిపరచిన రకమైతే ఆకురాయి పట్టదు. పొరుగూరు పంపితే రానుపోను ఖర్చులతో సాన ధరలో 60 వంతులకు చేరిందనుకుందాం. తిరిగివచ్చిన బ్లేడు కొత్తదాని పనిలో 60 వంతులు చేస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. యంత్రం ఆగిన పూట కూలి కలిపితే నష్టమే. అక్కడ కొత్తది కొనడమే మేలు. పళ్లు ఆకురాయికి లొంగే రకమై, ఖాళీ వేళ యజమాని తానే పట్టుకోగలిగితే మాత్రం లెక్క తిరగబడుతుంది.

అసలు నష్టం పలకలో

అయితే సానకూ, కొత్త బ్లేడుకూ మధ్య తేడా కంటె పెద్ద నష్టం మొద్దు బ్లేడుతోనే నెట్టుకురావడంలో వుంది. 300 మిల్లీమీటర్ల చదరపు దిమ్మ నుంచి 25 మిల్లీమీటర్ల పలకలు తీయాలనుకుందాం. కోతకు 2 మిల్లీమీటర్లు పోతే 11 పలకలకు, 10 కోతలకు కలిపి 295 మిల్లీమీటర్లు చాలు. బ్లేడు వంకరపోయి, చిత్రిక కోసం ప్రతి పలకనూ ఒక మిల్లీమీటరు అదనంగా కోయవలసి వస్తే 306 కావాలి. పదకొండో పలక దక్కదు. టేకు దిమ్మలో ఆ ఒక్క పలక విలువ ముందు సాన కూలి ఏపాటిది?

బ్లేడు తానే హెచ్చరిక ఇస్తుంది. పొట్టు రవ్వగా కాక పిండిలా రాలడం, కాలిన వాసన, దుంగను బలంగా తోయవలసి రావడం దాని గుర్తులు. అప్పుడే దించితే కొద్దిపాటి సానతో సరిపోతుంది. ఆలస్యమైతే పన్ను ఎక్కువ అరగదీయాలి. ఎమరీ రాయిని అదిమిపట్టి మొనలు నీలం తిరిగేదాకా వేడెక్కిస్తే ఉక్కు గుణం చెడి, పెట్టిన పదును నిలవదు.

మిల్లులో ఒక బ్లేడు యంత్రం మీద, ఒకటి సానలో, ఒకటి గోడ మేకుకు సిద్ధంగా వుంటే పని ఆగదు. ఒక్కొక్క బ్లేడుకు నంబరు వేసి, కొన్న తేదీ, సాన తేదీలు, కోసిన ఘనపుటడుగులు పుస్తకంలో రాసుకుంటే చాలు. సాన పట్టించాలో, కొత్తది కొనాలో ఆ పేజీయే చెబుతుంది.